ఇంట్లో మబ్బు

మసేరు, 1986 మార్చి 9

సెల్వానేకి, నీ మేనమామ లెబోనా రాస్తున్న ఉత్తరం.

ఇది ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. మీ కొండల్లో మే నెల సగానికల్లా చలికాలం దిగి నేల గడ్డకడుతుంది. ఆ తరువాత మట్టి కలపడం కుదరదు, కలిపి పూసినా ఆరదు. గోడలో పగులు చలి వచ్చాక కనబడితే అది వచ్చే వేసవి దాకా పగులుగానే ఉండిపోతుంది. కాబట్టి ఇల్లు సిద్ధం చేసుకోవడానికి మీకు మిగిలింది రెండు నెలలు. పైగా ఈ ఏడు మీరు కొత్త ఇంట్లో, కొత్త రకం పొయ్యితో చలికాలం గడపబోతున్నారు. నాకు నిజంగా దిగులు కలిగించేది ఇదే.

నీ భర్త తాంకిసో గని నుంచి పంపిన ఇనుప పొయ్యిని నేను లారీ ఎక్కించే ముందు చూశాను. పోత మంచిది. గొట్టంలోని అడ్డరేకు, అంటే గాలిని తగ్గించడానికి తిప్పే గుండ్రటి రేకు, కొంచెం వదులుగా ఉంది. అది పెద్ద లోపం కాదు. అసలు సంగతి పొయ్యి కాదు, పైకప్పు. ఇన్నాళ్లూ మీరు గడ్డికప్పు గుండ్రటింట్లో నడిమధ్య మంట వేసుకుని బతికారు. గడ్డి ఊపిరి తీస్తుంది. పొగ దానిలోంచి మెల్లగా బయటికి పోతుంది. రేకుల కప్పు ఊపిరి తీయదు. పాత ఇంట్లో కళ్లు మండించి వదిలేసిన పొగ కొత్త ఇంట్లో ప్రాణం తీయగలదు. అందులో కంటికి కనబడని విషం ఒకటి ఉంటుంది. ఆసుపత్రి బాయిలరు గదిలో పనిచేసిన ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఒకసారి చూశాను: గదిలో కుంపటి పెట్టుకుని తలుపు బిగించుకుని పడుకున్న ఇద్దరు అన్నదమ్ములను బండిలో తెచ్చారు. ముఖాలు నిద్రపోతున్నవారి ముఖాల్లాగే ఉన్నాయి.

పనులు ఈ వరసలో చెయ్యి. మొదట దొడ్డిలో గొర్రెలు తొక్కి గట్టిపరచిన పేడను పారతో పలకలుగా కోయించు. పిడకలను పరిచి కాదు, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఆరబెట్టాలి. తరువాత గోడల పూత. చివర గొట్టం. దాని కొస ఇంటి కొప్పు కంటే రెండు మూరలు ఎత్తుండాలి.

పొయ్యి వెలిగించిన వారానికి ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. గదిలో పొగ ఉందా, లేదా?

మీ మామగారికి నా గౌరవాలు. పెళ్లినాడు ఆయన నాకు ఇచ్చిన మేకతోలు ఇప్పటికీ నా కుర్చీ మీదే ఉంది.

నీ క్షేమం కోరే,
లెబోనా


కొండమీద, 1986 ఏప్రిల్ 2

మామయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నాకోసం, ఒకసారి మా పెద్దాయనకు వినిపించడానికి. అంతా విని ఆయన అన్నది: "మీ మేనమామ ఉత్తరం రాసింది నీకా, పొయ్యికా? పొయ్యి క్షేమం రెండు పేజీలు అడిగాడు. నాకు చివర ఒక గౌరవం పడేశాడు."

పిడకలు కోయడం అయిపోయింది. నలభై మూడు వరసలు నిలబెట్టాను. పొరుగింటి మామొకేతే వచ్చి చూసి, "ఏమే, ఊరంతటికీ వండుతావా?" అంది. నవ్వుతూనే తన గొర్రెపిల్లలు నా పిడకల మీద ఎక్కకుండా తోలుకుపోయింది. మాట కరుకేగాని మనిషి చెడ్డది కాదు.

గోడలకు ఎర్రమట్టి, పేడ కలిపి రెండు పూతలు వేశాను. బయటి గోడ మీద వేళ్లతో గళ్లు గీసి, ఒక్కో గడిలో గీతలు ఒక్కో దిక్కుకు తిప్పాను, దున్నిన పొలంలాగా. అమ్మ ఇలాగే గీసేదని మీరే చెప్పారు. లోపలి పూత ఇంకా చెమ్మగానే ఉంది. వారం నుంచి ఎండ లేదు.

పెద్దాయన కొత్త ఇంట్లో పడుకోనన్నారు. "రేకు కింద పడుకుంటే డబ్బాలో చేపలా ఉంటుంది. పక్కన టమాటా రసం ఒక్కటే తక్కువ" అన్నారు. కాని గుండ్రటింటి గడ్డి కుళ్లి, ఆయన పక్కమీదే నీళ్లు కారుతున్నాయి. ఆ దగ్గుతో అక్కడ పడుకోనివ్వలేను. "నాన్నగారూ, మీ కొడుకు క్రిస్మస్‌కి వచ్చి మా నాన్న ఏడీ అంటే ఏం చెప్పను?" అన్నాను. ఆ మాటతో లొంగారు. పొయ్యి ఉన్న గదిలో ఆయనకు మంచం, వంటగది గుమ్మం దగ్గర నాకు చాప. మధ్య తలుపు తెరిచే ఉంటుంది, రాత్రి దగ్గితే వినబడాలని.

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే మామయ్యా. ఆయన్ని చూసుకోమని తాంకిసో నాకు అప్పగించి వెళ్లాడు. ఈ చలికాలం దాటించాలి.

మీ మేనకోడలు,
సెల్వానే


మసేరు, 1986 ఏప్రిల్ 21

సెల్వానేకి,

గోడ మీద గీతల సంగతి రెండుసార్లు చదివాను. మీ అమ్మ గీతలు మూలల దగ్గర కొంచెం వంకరపోయేవి. నీవి ఎలా వచ్చాయో ఆగస్టులో వచ్చినప్పుడు చూస్తాను.

లోపలి పూత చెమ్మగా ఉందన్నావు. ఇది గుర్తుంచుకో: తడి గోడలున్న గదిలో మంట వేస్తే ఆ తడి ఆవిరై పైకి లేస్తుంది, చల్లటి రేకుకు తగిలి బొట్లుగా కారుతుంది. చూసి కంగారుపడకు. గోడ ఆరితే అదే పోతుంది.

గొట్టానికి ఒక మూర ముక్క తక్కువ పడుతుందని నా లెక్క. ఇక్కడ చేయించి బస్సులో పంపుతాను. డ్రైవరు రసీదు మీద సంతకం తీసుకుంటాడు.

పొయ్యి వెలిగించాక నేను అడిగిన ప్రశ్న మరవకు.

లెబోనా


కొండమీద, 1986 మే 19

మామయ్యా,

పొయ్యి వెలిగించి తొమ్మిది రోజులయింది. మొదటి రోజు ఊళ్లో సగం మంది వచ్చి దాని చుట్టూ చేతులు చాచుకుని నిలబడ్డారు. మామొకేతే దాని తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, "మంటకు తలుపెందుకే, పారిపోతుందా?" అంది. పెద్దాయనకు ఇప్పుడు దాన్ని విడిచి ఉండబుద్ధి కాదు. జొన్న గంజి గిన్నె దానిమీదే పెట్టుకుని రోజంతా కొద్దికొద్దిగా తాగుతారు. తిట్టిన నోటితోనే దానికి పేరు కూడా పెట్టారు, "ఇనుప కోడలు" అని. "ఈ కోడలు నీకంటే నయం. ఎదురు మాట్లాడదు" అన్నారు.

మీరు అడిగినదానికి జవాబు. మబ్బు ఉంది మామయ్యా. రాత్రి తక్కువ. తెల్లవారేసరికి మంచం ఎత్తున సన్నగా నిలుస్తుంది. తలుపు తీస్తే మెల్లగా పోతుంది. పాత ఇంట్లో ఇంతకంటే ఎక్కువే ఉండేది కాబట్టి నేను భయపడలేదు. కాని మీరు అంత గట్టిగా అడిగారని రాస్తున్నాను. ఏం చేయమంటారో చెప్పండి.

రేకు నుంచి బొట్లు కూడా పడుతున్నాయి, మీరు చెప్పినట్టే.

సెల్వానే


మసేరు, 1986 మే 29

సెల్వానేకి,

నీ ఉత్తరంతో మనసు కుదుటపడింది. నేను పొగ గురించి అడిగాను, నువ్వు మబ్బు గురించి రాశావు. అంటే పొగ లేదని, గోడల ఆవిరి మాత్రం నిలుస్తున్నదని అర్థమైంది. తెల్లవారుజామున, గది చల్లబడిన వేళ అది కనబడటం సహజమే. రేకు నుంచి బొట్లు పడటం కూడా దాన్నే బలపరుస్తున్నది. ఈ మబ్బు వల్ల మనిషికి హాని లేదు. హాని గోడకే. చెమ్మ లోపల ఉండగా గడ్డకడితే పూత రాలిపోతుంది.

కాబట్టి గోడలు ఆరే దాకా గది రాత్రంతా వెచ్చగా ఉండాలి. పడుకునే ముందు పొయ్యి నిండా పిడకలు వేసి, మంట తగ్గాక అడ్డరేకును సగం పైగా మూసెయ్యి. నిప్పు తెల్లవార్లూ మెల్లగా కాలుతుంది. గోడకూ రేకుకూ మధ్య చూరు సందులను గడ్డి తాళ్లతో కూరి మట్టి మెత్తు. మూడు వారాల్లో మబ్బు పోవాలి.

గొట్టం ముక్క వచ్చే బస్సులో వస్తుంది.

లెబోనా


కొండమీద, 1986 జూన్ 16

మామయ్యా,

మీరు చెప్పినవన్నీ చేశాను. చూరు సందుల్లో వేలు పట్టే చోటు కూడా లేదు. అడ్డరేకు రోజూ రాత్రి నేనే మూస్తున్నాను. గది వెచ్చగా ఉంటోంది. కాని మబ్బు తగ్గలేదు, పెరిగింది. హాని లేదని మీరు రాశారు కాబట్టి మూడు వారాలు ఓపిక పడుతున్నాను. మీకు తెలియనిది నాకేం తెలుస్తుంది?

గొట్టం ముక్క వచ్చింది. బస్సు దగ్గరికి పెద్దాయనే వెళ్లారు. రసీదు మీద వేలిముద్ర వేయమంటే డ్రైవరు మీద విరుచుకుపడ్డారట. "గనిలో రాత్రి బడికి నాలుగేళ్లు వెళ్లాను. వేలిముద్ర నీ తాతను వేయమను." నిలబడి, నాలుక కొరుక్కుంటూ, పూర్తి పేరు అక్షరం అక్షరం రాశారట. ఇంటికొచ్చి రెండు రోజులు అదే కబురు. ముక్క ఇంకా బిగించలేదు. మంచు తగ్గితే కప్పు ఎక్కుతానని మామొకేతే భర్త అన్నాడు.

ఇంకో సంగతి. ఈమధ్య పొద్దున్నే నాకు తల పగిలిపోతోంది. నీళ్ల ఊట దాకా వెళ్లేసరికి తగ్గిపోతుంది. పెద్దాయన మాత్రం పొద్దెక్కినా లేవడం లేదు. లేచాక ఒకే మాట రెండుసార్లు అడుగుతున్నారు. మొన్న గంజి కక్కారు. చనిపోయిన పెద్దలకు జొన్నబీరు పోసి చెప్పకుండా కొత్త ఇంట్లో దిగామని, అందుకే ఇదంతా అని మామొకేతే అంటోంది. పెద్దాయన, "మా నాన్నకు దాహమేసిందే. నాకూ వేసింది. బీరు కాచు" అన్నారు. కాస్తున్నాను. అది పులిసే లోపు మీకు ఏమైనా తోస్తే రాయండి.

సెల్వానే


మసేరు, 1986 జూన్ 24

సెల్వానే,

ఇది చదవగానే లేచి తలుపు, కిటికీ తెరువు. పెద్దాయనను బయటికి తీసుకురా. పొయ్యిలో నిప్పు ఆర్పు. మిగతాది తరువాత చదువు.

నీ ఉత్తరం, డ్రైవరు తెచ్చిన రసీదు ఒకేరోజు అందాయి. రసీదు మీద సంతకం మొసియువా. పెళ్లిలోనూ, నీ కన్యాశుల్కం పశువుల బేరంలోనూ అందరూ ఆయనను తాంకిసో తండ్రి అనే పిలిచారు. అసలు పేరు నేను ఇవాళే చదివాను.

మొసి అంటే మన భాషలో పొగ. నువ్వు ఆయన కోడలివి. మన ఆచారం ప్రకారం ఆయన పేరుగాని, ఆ పేరు వినబడే ఏ మాటగాని నీ నోట రాదు, నీ కలం నుంచీ రాదు. ఆ ఇంటి ఆడవాళ్లు పొగను మబ్బు అంటారు. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ నేను అడిగినదానికి సరైన జవాబే రాశావు. నేను దాన్ని ఆవిరి అని చదివాను. అడ్డరేకు మూయమన్నాను, సందులు కూరమన్నాను. ఆ ఇంట్లో ఉన్నది పొగ.

అడ్డరేకు ఇక ఎప్పుడూ మూయకు. ఈ ఉత్తరాన్ని డ్రైవరు చేతికే ఇస్తున్నాను.

లెబోనా


కొండమీద, 1986 జూలై 6

మామయ్యా,

పెద్దాయన బతికే ఉన్నారు. ముందు అది రాయాలి.

మీ ఉత్తరం జూలై ఒకటిన అందింది. కనుమలో మంచు పడి బస్సు నాలుగు రోజులు అవతలే ఆగిపోయింది. ఇక్కడ జరిగింది జూన్ ఇరవై ఆరున.

ఆ పొద్దున రోజూలాగే ఆయన్ని పలకరించాను. రోజూ అయితే, "ఇంకా చావలేదు, గంజి పట్రా" అంటారు. ఆ రోజు గురక తప్ప ఏమీ లేదు. పడుకోనీలే అనుకుని బకెట్టు పట్టుకుని ఊటకు బయలుదేరాను. దొడ్డి దాటేసరికి తలనొప్పి పోయింది. రోజూ అక్కడే పోతుంది. ఆ రోజు ఎందుకో కాళ్లు ఆగిపోయాయి. ఈ నొప్పి నాతో ఊట దాకా రాదు, ఇంట్లోనే ఉండిపోతుంది అనుకున్నాను. ఇంట్లోనే ఉండిపోయేది ఇంకెవరు? బకెట్టు అక్కడే పడేసి వెనక్కి పరుగెత్తాను.

ఎంత కుదిపినా లేవలేదు. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు ఉంది. అది చూసి ఇంకా భయం వేసింది. కంబళితో సహా కిందికి లాగి, గుమ్మం దాటించి, మంచులోకి ఈడ్చాను. మామొకేతే చూసి కేకలు పెట్టింది.

"ఒసే పిచ్చిదానా! ముసలాయన్ని మంచులో పారేస్తావా? మొగుడు ఊళ్లో లేడనేగా నీ ధీమా!"

"నోరు మూసుకుని కాళ్లు పట్టుకో!" అన్నాను. ఆమెతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. వచ్చి పట్టుకుంది.

నాన్నగారూ, నాన్నగారూ అని పిలిచాను. కదలిక లేదు. అప్పుడు పిలిచాను మామయ్యా. ఏమని పిలిచానో ఇక్కడ రాయలేను. మీకు తెలుసు. మూడుసార్లు, గొంతు చించుకుని. మూడోసారికి కళ్లు తెరిచి, పక్కకు తిరిగి కక్కుకున్నారు. మామొకేతే కాళ్లు వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

క్లినిక్ నర్సు మర్నాడు గుర్రం మీద వచ్చింది. పొయ్యి చూసింది, చూరు చూసింది, కర్రతో పొడిచి సందులన్నీ తెరిపించింది. ఆయన ప్రాణానికి భయం లేదంది. కుడిచేతిలో పట్టు మాత్రం లేదు. ఒంటికి చుట్టుకునే కంబళికి పిన్ను పెట్టుకోలేరు, నేనే పెడుతున్నాను. గొర్రెలను తొమ్మిది దాకా లెక్కపెట్టి మళ్లీ మొదటికి వస్తున్నారు.

మొన్న ఊరి పెద్దలు ముగ్గురు వచ్చారు. కోడలు మామగారి పేరు పట్టి అరిచిందని కబురు వెళ్లింది. ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు. పెద్దాయన పొయ్యి పక్కన కూర్చుని అంతా విన్నారు.

"నాకేమీ వినబడలేదు. చచ్చినవాడికి చెవులుంటాయా?" అన్నారు.

"నేను విన్నానుగా!" అంది మామొకేతే గుమ్మంలోంచి.

"ఆ పేరు నీది కాదుగా. నీకెందుకే నొప్పి?"

పెద్దలు నవ్వు ఆపుకోలేక దగ్గారు. బీరు అప్పటికి పులిసింది. తాగి వెళ్లారు.

వాళ్లు వెళ్లాక ఆయన నన్ను పిలిచి, ఇకమీద ఈ ఇంట్లో ఆ మాట అనవచ్చన్నారు, నేను మబ్బు అంటున్న మాట. అసలు మాటను ఆయన నోటితోనే రెండుసార్లు అని చూపించారు, చిన్నపిల్లకు నేర్పినట్టు. నాకు నాలుక తిరగలేదు. మీ ఉత్తరంలో ఆ మాట ఉన్న చోట వేలు పెట్టాను. "అదే చాలు" అన్నారు.

ఒక్కటి అడగాలి. హాని లేదని మీరు రాశారు. మీరు రాశారనే రోజూ రాత్రి నా చేత్తో మూశాను. కోపంతో రాయడం లేదు. నా మాట మీకు అర్థమైందనే అనుకున్నాను. మన ఇళ్లలో ఇది ఎవరికి తెలియదు?

సెల్వానే


మసేరు, 1986 జూలై 17

సెల్వానేకి,

నువ్వు అడిగినదానికి నేరుగా జవాబు చెబుతాను. తప్పు నాది. ఆ ఆచారం నాకు తెలుసు. మా అమ్మ జీవితాంతం నీళ్లను వేరే పేరుతో పిలిచింది. పని విషయానికి వచ్చేసరికి నేను అలాంటి ఇంట్లో పెరిగినవాణ్నని మరిచి, బాయిలరు గదిలోని మాటనే మాట అనుకున్నాను. జవాబు చెప్పాల్సిన మనిషి నోట రాలేని మాటతో ప్రశ్న వేశాను. పైగా నువ్వు వేరే మాట వాడితే, అది ఎందుకు వాడావని అడగకుండా, నా లెక్కకు సరిపోయిందని సంతోషించాను. ఆ సంతోషానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

నువ్వు ఆ పొద్దున నా ఉత్తరాన్ని కాదని నీ తలనొప్పిని నమ్మావు. నీ పక్కన నేను ఉండి ఉంటే నీకంటే ఆలస్యం చేసేవాణ్ని.

ఇప్పుడు చేయవలసినవి. అడ్డరేకును తీగతో తెరిచిన చోటే కట్టెయ్యి. అది ఎవరి చేతికీ తిరగకూడదు. గొట్టం ముక్క బిగించే దాకా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. ఆయన్ని మామొకేతే ఇంట్లో పడుకోబెట్టు. ఆమె కాదనదు. అరిచిన మనిషే వచ్చి కాళ్లు పట్టుకుంది కదా. ముక్క బిగించాక, ఆయన మంచం పైన ఒక తెల్లగుడ్డ కట్టి, వారం తరువాత విప్పి కవరులో పెట్టి పంపు. నువ్వు ఏ మాటా రాయనక్కర్లేదు. గుడ్డకు మసి పట్టిందో లేదో నేను చూసుకుంటాను. కాని తెల్లగుడ్డ తెల్లగా ఉన్నంత మాత్రాన గదిలో విషం లేదని కాదు. తలనొప్పి వస్తే గుడ్డను నమ్మకు, ఆ పొద్దున చేసినట్టే చెయ్యి.

ఇక్కడ పొయ్యిలు అమర్చడం నేర్చుకునే వాళ్లకు వారానికి రెండు రోజులు చెబుతున్నాను. మొన్నటి నుంచి వాళ్లకు కొత్తగా ఒకటి నేర్పుతున్నాను. ఏ ఇంటికి వెళ్లినా, గొట్టం కొలిచే ముందు, ఆ ఇంటి పెద్ద పేరేమిటో మగవాళ్లను అడగాలి. ఒక కుర్రాడు నవ్వాడు. నీ ఉత్తరాల్లోంచి రెండు పేరాలు చదివి వినిపించాను. తరువాత ఎవరూ నవ్వలేదు. నీ అనుమతి లేకుండా చదివినందుకు మన్నించు.

ఆగస్టులో దారి తెరుచుకోగానే వస్తాను. పొయ్యి నేనే విప్పి చూస్తాను. ఆయన ఎదుట కూర్చుని జరిగింది నా నోటితో చెబుతాను.

ఇక తెలియనివి. ఆ విషం తగిలినవారిలో కొందరికి చేతిలో పట్టు కొన్ని వారాల్లో తిరిగివస్తుంది, కొందరికి రాదు. ఆయన ఎటువైపు ఉంటారో నర్సూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. గొర్రెల లెక్క పదికి చేరితే రాయి. చేరకపోయినా రాయి. ఆయన కళ్లు తెరిచింది గాలికి అని నా చదువు చెబుతుంది. ఆ గాలి ఒంటికి తగిలిన మొదటి క్షణాన కాక, నువ్వు మూడోసారి పిలిచినప్పుడే ఎందుకు తెరిచారో నా చదువు చెప్పదు. తనకు వినబడలేదని ఆయన పెద్దల ముందు అన్నది నిజమో, నీ కోసం అన్నదో నాకు తెలియదు.

లెబోనా